నీటిబొట్టు చెప్పు సాక్ష్యము

నీటిబొట్టు ఒక్కటే, అది పడిన చోటును బట్టి దాని గతి మారును. ఈ సంగతిని భర్తృహరి తన సుభాషితములలో చెప్పగా, ఏనుగు లక్ష్మణకవి దానిని తెలుగు పద్యముగా మనకు అందించెను. కాలిన ఇనుముపై పడిన నీరు పేరైనను మిగులకుండ నశించును. అదే నీరు తామరాకుపై పడినచో ముత్యమువలె ప్రకాశించును. ముత్యపుచిప్పలో పడినచో ముత్యమే యగును. మనుష్యుడు చేరిన సహవాసమును బట్టి అతని యోగ్యత యేర్పడునని కవి భావము. ఈ పద్యమును కంఠస్థము చేయని తెలుగు విద్యార్థి అరుదు.

పద్యమును వల్లించు దినములలో నాకొక సందేహము కలుగుచుండెడిది. తామరాకుపై నీరు ముత్యమువలె ఏల నిలుచును? నా పలకపై పడిన నీరు పరచుకొనిపోవునే గాని ముత్యము కాదేమి? ఉపాధ్యాయులు నీతిని బోధించిరి. నేను కారణమును కూడ కోరితిని. ఆ కారణము నాకు గ్రంథములో గాక, మా మేనమామగారి అద్దెకారు బానెట్టుపై దొరికినది.

మాది చీపురుపల్లి. హౌరా నుండి చెన్నైకి పోవు ప్రధానమైన రైలుమార్గముపై, విజయనగరమునకును శ్రీకాకుళం రోడ్డు స్టేషనునకును నడుమ ఈ ఊరు కలదు. 1950వ సంవత్సరమున ఏర్పడిన శ్రీకాకుళము జిల్లాలో ఉండి, 1979లో విజయనగరము జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. మాకు చేరువనే గరివిడి, గర్భాము, కోడూరు గ్రామములు కలవు. ఆ ప్రాంతపు నేల మాంగనీసు ఖనిజమునకు ప్రసిద్ధి. పందొమ్మిదవ శతాబ్దము చివరి దశకములోనే అక్కడ త్రవ్వకములు ఆరంభమైనవి. నా బాల్యమున ఖనిజపు లారీలు పోవునప్పుడు లేచు నల్లని ధూళియు, మట్టిరోడ్ల ఎఱ్ఱని ధూళియు కలిసి ఇంటి అరుగులపైనను చెట్ల ఆకులపైనను పేరుకొనుచుండెడివి. రోహిణి కార్తెలో ఎండ నిప్పులు చెరుగును. మృగశిర ప్రవేశించినది మొదలు వానలు. అవి వెనుకబడిన తరువాత తుపానులు. సంవత్సరమునకు సుమారు 1,100 మిల్లీమీటర్ల వర్షము మా జిల్లాలో కురియును. ధూళి, ఎండ, వాన ఈ మూడింటి నడుమ ఇనుపవస్తువును కాపాడుకొనుట సులభమైన పని కాదు.

మా మేనమామగారు 1987లో అప్పు చేసి ముదురు నీలపు రంగు గల అంబాసిడరు కారు నొకదానిని కొనిరి. రైలు దిగిన ప్రయాణికులను రాజాము, పాలకొండ, బొబ్బిలి ప్రాంతములకు చేర్చుట ఆయన వృత్తి. కనకమహాలక్ష్మి అమ్మవారి జాతరకును, పెండ్లిండ్లకును ఆ కారునకు గిరాకి హెచ్చుగా ఉండెడిది. ఇంటిల్లిపాదికి అన్నము పెట్టునది ఆ కారే. అప్పు తీరులోపల అది పాడైనచో కారును ఉండదు, అప్పును తీరదు. అందుచేత రైతు ఎద్దును చూచుకొన్నట్లు ఆయన ఆ కారును చూచుకొనెడివారు.

ఏటేట రోహిణి కార్తె ముగియుచుండగా ఒక దినము ఆయన బాడుగకు పోక కారును తాటాకుపాకలో నిలిపెడివారు. ఆ పనికి ఎండ పనికిరాదు. చెట్టునీడ కూడ పనికిరాదు. చెట్టుపై పక్షులుండును, బంక కారును. మొదట రెండు బకెట్ల నీరు పెట్టుకొని ఒకదానిలో గుడ్డను జాడించుచు, రెండవదానిలోని మంచినీటితో కడిగెడివారు. ఇసుక రేణువు ఒక్కటి మిగిలినను అది గుడ్డక్రింద చేరి రంగును గీరివేయునని ఆయన భయము. కడిగిన పిదప తడిలేకుండ తుడిచి, చిన్న డబ్బా మూత తీసెడివారు. అందులో పసుపుపచ్చని మైనపు ముద్ద ఉండును. దానిని చెమ్మగిల్లిన మెత్తని గుడ్డతో కొద్దిగా తీసికొని, జానెడు జానెడు చోటున పలుచగా రాచెడివారు. కొంతసేపటికి అది తెల్లగా మసకబారును. అప్పుడు వేరొక పొడి నూలుగుడ్డతో తుడిచినచో ఆ మసక పోయి, రంగు లోతుగా, తేటగా కన్పట్టును. కారంతయు ముగియుసరికి సాయంకాలమగుచుండెను.

ఎనిమిదవ తరగతి చదువుచున్న యేడు నేనును ఆ పనిలో సాయపడితిని. పని ముగిసిన తరువాత ఆయన చెంబుతో నీరు తెచ్చి బానెట్టుపై చిలుకరించిరి. నీరు పరచుకొనిపోలేదు. వందలకొలది గుండ్రని బొట్లుగా విడివడి, ఒకదానికొకటి ఎడముగా నిలిచి మెరసినవి. నేను కన్నార్పక చూచుచుంటిని.

“ఏటిరా అలా సూస్తన్నావు? బొట్టు గుండ్రంగా నిలబడిందంటే మైనం బతికున్నట్టు. తడిగుడ్డలాగ పాకిపోయిందంటే మైనం సచ్చిపోయినట్టు. మళ్లీ రాయాల. నన్నడక్కు, బొట్టునడుగు,” అని ఆయన నవ్విరి.

ఆయన చెప్పిన మాటలో శాస్త్రమంతయు ఇమిడియున్నదని నేను కళాశాలలో చేరిన తరువాత గ్రహించితిని.

నీటి అణువులు ఒకదానినొకటి గట్టిగా ఆకర్షించుకొనును. జాతరలో తప్పిపోకుండ చేయి చేయి పట్టుకొని నడచు పిల్లల గుంపును తలచుకొనుడు. గుంపు నడుమనున్న పిల్లవానికి అన్నివైపుల తోడు కలదు. అంచుననున్నవానికి వెలుపలివైపు తోడు లేదు. కావున వాడు లోపలికి లాగబడును. అందరును అట్లు లోపలికి లాగబడినప్పుడు గుంపు గుండ్రని ఆకారమును పొందును. నీటిబొట్టును అంతే. తన పైభాగమును సాధ్యమైనంత చిన్నదిగా చేసికొనుటకు అది యత్నించును. దీనినే తలతన్యత యందురు.

ఇక ఆ పిల్లల గుంపునకు దారిలో బంధువులు ఎదురైరనుకొనుడు. కొందరు పట్టిన చేతులు వదలి బంధువులవైపు పరుగెత్తుదురు; గుంపు విడిపోవును. పరాయివారు ఎదురైనచో చేతులు మరింత బిగించి దగ్గరగా చేరుదురు. పలక, గాజు, పాతబడిన రంగు, ఇవి నీటికి బంధువులవంటివి. నీరు వాటివైపు లాగబడి పరచుకొనును. మైనము నీటికి పరాయిది. మైనపు అణువులలో కర్బనము, ఉదజని పరమాణువులు పొడవైన గొలుసులుగా కూర్చబడియుండును. నీటి అణువు ఆకర్షించుటకు తగిన విద్యుదావేశపు కొనలు ఆ గొలుసులపై లేనట్లే. కావున నీరు మైనమును అంటక తనలో తాను ముడుచుకొని గుండ్రనగును.

బొట్టు అంచునకును అది కూర్చున్న తలమునకును నడుమ నేర్పడు కోణమును స్పర్శకోణమందురు. 1805లో ఇంగ్లండు దేశపు శాస్త్రజ్ఞుడు థామస్ యంగ్ దీనిని గూర్చి వివరించెను. ఈ కోణము లంబకోణము కంటె, అనగా 90 డిగ్రీల కంటె, తక్కువైనచో నీరు పరచుకొనును. ఎక్కువైనచో బొట్టుగా నిలుచును. మైనము రాచిన నున్నని తలముపై ఈ కోణము సుమారు 100 నుండి 110 డిగ్రీల వరకు ఉండును. బొట్టు నడుగుమని మా మేనమామగారు చెప్పినది ఈ కోణమును చూడుమనియే. కొలపరికరము లేకయే కన్నుతో ఆయన దానిని కొలిచెడివారు.

తామరాకు ఇంతకంటె ఘనమైనది. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయమునకు చెందిన బార్ట్‌లాట్, నైన్‌హూయిస్ అను వృక్షశాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించిన వ్యాసమున దాని రహస్యమును వివరించిరి. మన కంటికి తామరాకు నునుపుగా కన్పట్టును గాని సూక్ష్మదర్శినిలో చూచినచో దానిపై లెక్కలేనన్ని చిన్న బొడిపెలు కన్పించును. ఆ బొడిపెలపై అంతకంటె సూక్ష్మమైన మైనపు పొర కలదు. నీటిబొట్టు బొడిపెల కొనలపై మాత్రమే ఆని, వాటి నడుమనున్న గాలిపై తేలియాడుచున్నట్లు ఉండును. అందుచేత స్పర్శకోణము 160 డిగ్రీల వరకు పోవును. ఆకు కొంచెము వంగినచో బొట్టు దొరలిపోవుచు దారిలోని ధూళిని కూడ వెంటగొనిపోవును. బురదలో పుట్టిన తామర బురద నంటకుండ నుండుటకు ఇదియే కారణము. మన పెరటిలోని చేమ ఆకుపైనను ఈ వింతను చూడవచ్చును. కారుపై పూసిన మైనమునకు బొడిపెలు లేవు. కావున దానిపై బొట్టు నిలుచును గాని తామరాకుపై వలె తనంతట తాను దొరలదు. గాలి వీచినను, కారు కదలినను మాత్రము జారిపోవును.

మైనము మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. తేనెపట్టు నుండి తేనెను పిండిన తరువాత మిగులునది తేనెమైనము. చెప్పులు కుట్టువారు దారమునకు దానిని రాచి, తడికి చివుకకుండ చేసికొందురు. మాకు దాపుననే తయారగు బొబ్బిలి వీణపై ఇరువదినాలుగు మెట్లును నల్లని మైనపు గట్టుపైననే నిలుచును. అయితే తేనెమైనము సుమారు 62 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి కరుగనారంభించును. రోహిణి కార్తె ఎండలో నిలిచిన ముదురు రంగు కారు బానెట్టు 60 డిగ్రీలకు మించి కాలుట కలదు. కావున కారు మైనమునకు ఇంతకంటె గట్టి సరకు కావలెను.

ఆ సరకు దక్షిణ అమెరికా ఖండమునందలి బ్రెజిలు దేశము నుండి వచ్చును. ఆ దేశపు ఈశాన్య భాగమున వానలు చాలని నేలలలో కార్నోబా అను తాటిజాతి చెట్లు పెరుగును. ఎండకాలమున తనలోని నీరు ఆవిరియై పోకుండ ఆ చెట్టు తన ఆకులపై మైనపు పొరను కప్పుకొనును. అక్కడివారు ఆకులను కోసి, ఎండబెట్టి, కొట్టి ఆ మైనమును పొడిగా రాల్చుదురు. అది కరుగుటకు 82 డిగ్రీలకు పైబడిన వేడి కావలెను. మైనములలో మిక్కిలి గట్టిది. చెట్టునకు అది లోపలి నీటిని వెలుపలికి పోనీయని కాపు; కారునకు వెలుపలి నీటిని లోనికి రానీయని కాపు. కరవునేల మీది చెట్టు తన ప్రాణరక్షణకై చేసికొన్న పూత, సముద్రములు దాటి వచ్చి మా చీపురుపల్లి వానలో ఒక అద్దెకారును కాచుచుండెడిది.

ఈ పొర కాపాడునది దేనిని? కారు పైరంగును. ఆ రంగు కాపాడునది దేనిని? ఇనుపరేకును. ఇప్పటి కారుపై రేకునంటిన మొదటి పూత మొదలు పైనున్న పారదర్శకపు పూత వరకు అన్నియు కలిపినను మందము సుమారు 100 నుండి 150 మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మనము వ్రాసికొను కాగితపు మందమునకు ఇది ఇంచుమించు సమానము. కారునకును వానకును నడుమ నున్నది కాగితమంత గోడ! ఆ గోడపై పూసిన మైనము మందము ఒక మైక్రాను కూడ ఉండదు.

ఇంత పలుచని పొర యేమి చేయగలదని సందేహము కలుగవచ్చును. అది తాను ముందు నిలిచి దెబ్బను తాను పుచ్చుకొనును. పక్షిరెట్టలో యూరికామ్లముండును, అది రంగుపై ఎండినచో మచ్చ పడును. చెట్టుబంక ఎండలో గట్టిపడి రంగును పట్టుకొనును. ధూళి తడిసి అట్టకట్టును. మైనమున్నచో ఇవన్నియు మొదట మైనమునంటును. వెంటనే కడిగినచో మైనముతోపాటు పోవును. రోజురోజునకు మైనమరుగును; రంగు నిలుచును. అందుచేతనే దానిని రెండు మూడు మాసములకు ఒకసారి తిరిగి పూయవలెను. అరుగుటయే దాని పని. అరుగని మైనము కారుపై లేదు, డబ్బాలోనే యున్నది.

మైనమునకు శక్యము కాని పనులును కలవు. రాయి తగిలి పడిన గీతను అది మాన్పలేదు. ఎండలోని అతినీలలోహిత కిరణములను అంత పలుచని పొర చాలినంతగా ఆపజాలదు. ఆ పని నేటి కార్లలో పైనున్న పారదర్శకపు పూత చేయును. వేరొక సంగతి. బొట్లుగా నిలిచిన నీటిని అట్లే ఎండకు వదలరాదు. కాలిన ఇనుముపై నీరు పేరు లేకుండ పోవునని కవి చెప్పెను గాని, మా బోరునీరు కాలిన బానెట్టుపై ఆరినప్పుడు తనలోని లవణములను తెల్లని చుక్కలుగా విడిచిపోవుచుండెడిది. అందుచేత మా మేనమామగారు కడిగిన వెంటనే తుడిచెడివారు. “బొట్టు అందంగా ఉంది గదాని వదిలీకూడదు,” అనెడివారు.

గోడ విరిగిన చోట నేమగునో చెప్పవలెను. ఇనుము, నీరు, గాలిలోని ఆమ్లజని కలిసినచో త్రుప్పు పుట్టును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె హెచ్చు చోటును ఆక్రమించును. కావున అది రంగుక్రింద ఉబ్బి రంగును పైకి లేపును. లేచిన రంగు పగులును; ఆ పగులులో మరికొంత నీరు చేరును. ఇట్లు ఆవగింజంత గాయము రెండు మూడు వర్షాకాలములలో అరచేయంత యగును. స్టేషను వెలుపల మా కారు ప్రక్కనే నిలుచు వేరొక కారునకు ఇట్లే జరిగినది. కొన్ననాడు రెండును ఒకే రీతిగా మెరసినవి. ఐదు సంవత్సరములు గడచుసరికి దాని మడ్గార్డుల అంచులు జల్లెడవలె ఆయెను. దాని యజమాని సోమరి కాడు. రాత్రింబగళ్లు బండి నడపెడివాడు. తీరిక లేక కడుగుటయే మానుకొనెను, అంతే.

అయినను మా కారునకును ఒక దినము త్రుప్పు పట్టినది. 1999లో ఎడమవైపు వెనుకతలుపు క్రిందిభాగమున కందిగింజంత ఉబ్బు కన్పట్టెను. వెలుపల మైనము చక్కగా ఉన్నది. నీరు చిలుకరించినచో బొట్లు ముత్యములవలె నిలుచుచున్నవి. మా మేనమామగారు తలుపు తెరచి అడుగున వ్రేలు పెట్టి చూచిరి. కిటికీ అద్దము ప్రక్కనుండి తలుపులోనికి దిగు వాననీరు పోవుటకు అడుగున చిన్న రంధ్రములుండును. ఏండ్ల తరబడి చేరిన ధూళి బురదయై ఆ రంధ్రములను మూసివేసినది. నీరు తలుపులోపలనే నిలిచి, రేకును లోపలినుండి తినివేసినది. చేయి చేరని చోటికి మైనమును చేరదు గదా! పైన కన్పట్టిన ఉబ్బు, లోపలినుండి వచ్చిన ఆ త్రుప్పు కొన మాత్రమే.

ఆ సమయముననే వారి కుమార్తెకు విశాఖపట్టణమున నర్సు శిక్షణలో చోటు దొరికెను. రుసుము కట్టుటకును, వసతికిని డబ్బు కావలసివచ్చెను. కారునమ్ముట తప్ప వేరు దారి లేకపోయెను. ఒక దళారి వచ్చి కారును చుట్టి చూచి, ఉబ్బు వద్ద ఆగెను.

“ఇక్కడ ఉప్పుకాగితంతో గీకి, కాసింత లప్పం పెట్టి, మీద రంగు కొట్టీండి. ఆ పైన మైనం రుద్దీస్తే అద్దంలాగ ఉంటాది. కొనీవోడికి మెరుపే కనబడతాది గానీ తుప్పు కనబడదు. నాలుగు వేలు ఎక్కువొస్తాయి,” అనెను.

నాలుగు వేల రూపాయలు ఆనాడు మా మేనమామగారికి చిన్న మొత్తము కాదు. ఆయన కొంతసేపు మాటాడలేదు. అత్తయ్య ద్వారమువద్ద నిలిచి వినుచుండెను. తుదకు ఆయన, “మైనం కాపాడ్డానికండీ, కప్పెట్టడానికి కాదు. తలుపు ఊడి రోడ్డు మీద పడితే ఆ బండిలో ఎవరి పిల్లలుంటారో!” అనిరి. దళారి నవ్వి వెడలిపోయెను.

రాజాము నుండి ఒక చిన్న వ్యాపారి కారు చూడవచ్చినప్పుడు మా మేనమామగారు మొదట తీసికొనిపోయి చూపినది ఆ ఉబ్బునే. తలుపు తెరచి, లోపలి త్రుప్పును వ్రేలితో రాల్చి చూపిరి. ఆ వ్యాపారి ఆశ్చర్యపడెను గాని ధర తగ్గించుట మానలేదు. సరిగా నాలుగు వేలు తగ్గించియే కొనెను. ఆ లోటును పూడ్చుటకై మా మేనమామగారు ఒక సంవత్సరము వేరొకరి కారును రాత్రులందు నడపిరి. సత్యము చెప్పినందుకు ఆయనకు బహుమానము నెవ్వరును ఇయ్యలేదు. కుమార్తె చదువు మాత్రము ఆగలేదు. ఆ కారు ఆ వర్షాకాలమునకు ముందే తలుపు బాగుచేయించుకొని, మరి కొన్ని సంవత్సరములు రాజాము రోడ్డుపై తిరుగుచుండగా నేను చూచితిని.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. నేటి కార్ల రంగులు వేరు, పూతలు వేరు. ఆ పాతకారు రంగుపై పారదర్శకపు పూత లేదు. మైనము రాచునప్పుడు గుడ్డకు కొంచెము నీలిరంగు అంటెడిది. ఇప్పుడా బాధ లేదు. మైనమునకు బదులు కృత్రిమముగా చేసిన ద్రవపు పూతలును, ఏండ్ల తరబడి నిలుచు సిరామిక్ పూతలును వచ్చినవి. కాని వాటి మూలసూత్రమొక్కటే: నీటికి బంధువు కాని తలమును నీటికెదురుగా నిలుపుట. వాటిని పరీక్షించు విధమును ఒక్కటే: నీరు చిలుకరించి చూచుట.

ఈ పరీక్షకు ఖర్చు లేదు. వాన వెలిసిన తరువాత మీరును చేసి చూడవచ్చును. చేమ ఆకుపై, పాతగొడుగుపై, క్రొత్తగొడుగుపై, బడి ముందు నిలిచిన బస్సు రేకుపై నీరు ఎట్లు నిలిచినదో చూడుడు. ఎచ్చట గుండ్రముగా నున్నదో, ఎచ్చట పాకిపోయినదో గుర్తించుడు. పాకిన చోట రక్షణ తరిగినదని తెలియును. అయితే నీటిబొట్టు పైపొరను గూర్చి మాత్రమే సాక్ష్యము చెప్పగలదు. తలుపులోపల నేమున్నదో తెలిసికొనుటకు తలుపు తెరచి, అడుగున వ్రేలు పెట్టి చూడవలసినదే. పైన మైనము రాచుట ఎంత అవసరమో, అడుగునున్న చిన్న రంధ్రములను తెరచియుంచుట అంత అవసరము.